ఐదు నెలల బ్లూ కట్ కళ్ళజోడు



ఈ నెల టీచర్ల పేజీకి ఇంగ్లిష్ రీడింగ్ గురించి రాయమన్నారు. దాన్ని వచ్చే నెలకి వాయిదా వేసుకుంటున్నాను. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువమంది అడిగింది చదువు గురించి కాదు, "మా వాడికి బ్లూ కట్ అద్దాలు పెట్టించమంటారా మేడమ్?" అని. నిరుడు ఒక నాన్నగారు ఇదే మాట అడిగితే, ఆలోచించకుండా "పెట్టించండి" అనేశాను. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన్ని అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

ఆ బాబు అప్పుడు ఆరో తరగతి. జువ్వలదిన్నె వైపు వాళ్ళకి రొయ్యల గుంటలున్నాయి. ఆగస్టులో తలనొప్పి అనడం, క్లాసులో కళ్ళు నులుముకోవడం మొదలుపెట్టాడు. ఇంటికొస్తే ఫోన్ వదలడని వాళ్ళమ్మగారు చెప్పారు. ఇంకేముంది, ఫోన్లోంచి వచ్చే బ్లూ లైటే కారణమని నేనే తేల్చేశాను. నా దగ్గరా ఒక జోడు ఉంది మరి! బీఈడీ చదివేటప్పుడు కరోనా వచ్చి క్లాసులు ఆన్‌లైన్ అయితే రూ.1,200 పెట్టి కొనుక్కున్నాను. పెట్టుకుంటే హాయిగా ఉన్నట్టే అనిపించేది.

వాళ్ళు షాపుకెళ్ళి బ్లూ కట్ కావాలని అడిగారు, షాపువాళ్ళు ఇచ్చారు. చూపు పరీక్ష చేయమని వీళ్ళు అడగలేదు, వాళ్ళు చేయలేదు. పవర్ లేని ఆ అద్దాలతో బాబు రోజూ బుద్ధిగా స్కూలుకొచ్చాడు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వాడి నోట్‌బుక్. డిక్టేషన్ పెడితే పదికి తొమ్మిది. బోర్డు చూసి ఎక్కించుకుంటే మాత్రం తప్పులే తప్పులు. నేను 'హౌస్' అని రాస్తే వాడు 'హార్స్' అని దించేవాడు. చెవితో విన్నప్పుడు రాని తప్పు, కంటితో చూసినప్పుడే ఎందుకొస్తోంది? ఇంగ్లిష్ టీచర్‌ని, ఆ తేడా నాకే ముందు తట్టాలి. నేనేమో 'కేర్‌లెస్' అని ఎర్ర పెన్నుతో రాసి పంపాను. మూడుసార్లు.

సంక్రాంతి సెలవుల తర్వాత బెంచీలు మార్చాం. వాడు మొదటి బెంచీకి వచ్చాడు. వారంలో తప్పులు మాయమయ్యాయి. అప్పుడు అనుమానమొచ్చి వెనక బెంచీకి పంపి, "బోర్డు మీద ఏముందో చదువు నాన్నా" అన్నాను. "గీతల్లాగా ఉన్నాయి మేడమ్" అన్నాడు. కళ్ళజోడు తీసి చూడమన్నాను. అప్పుడూ అంతే. ఆ జోడు నేను పెట్టుకుని చూస్తే కిటికీ అద్దంలోంచి చూసినట్టుంది.

కావలిలో కంటి డాక్టర్‌గారు పరీక్ష చేసి రెండు కళ్ళకీ మైనస్ రెండు దాకా పవర్ ఉందన్నారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగితే ఆ నాన్నగారు, "మేడమ్ చెప్పినారని అద్దాలు పెట్టినాం గదా సార్, ఇంక సరిపోయిందిలే అనుకున్నాం" అన్నారట. ఆయన దాన్ని నాకు ఫిర్యాదుగా చెప్పలేదు, మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అప్పుడు కూర్చుని చదివాను. సైన్స్ నా సబ్జెక్టు కాదు, అందుకే నాకర్థమైనంత వరకే చెబుతాను. బ్లూ లైట్ అంటే కంటికి కనిపించే వెలుగులోనే సుమారు 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య ఉండే భాగం. అది మనకు ఎక్కువగా వచ్చేది సూర్యుడి నుంచే. ఫోన్ నుంచి వచ్చేది దాంతో పోలిస్తే చాలా కొంచెం. ఫోన్, కంప్యూటర్ల బ్లూ లైట్ కంటిని పాడుచేస్తుందనడానికి ఆధారాలు లేవనీ, దానికోసం ప్రత్యేకమైన అద్దాలు అక్కర్లేదనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ చెబుతోంది. 2023లో కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళ కంటి అలసటను ఈ అద్దాలు మామూలు అద్దాల కన్నా ఎక్కువగా తగ్గిస్తున్నట్టు కనిపించలేదు. అవి పెద్దవాళ్ళ మీద, తక్కువ కాలం చేసిన ప్రయోగాలు, అది కూడా చెప్పాలి. నా రూ.1,200 సంగతి మాత్రం తేలిపోయింది.

మరి కళ్ళు మండటం, లాగటం అబద్ధమా? కాదు. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ చూసేటప్పుడు అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. కన్ను ఆరిపోతుంది. దగ్గరగా చూస్తున్నంతసేపూ కంటి లోపలి కండరం బిగుసుకునే ఉంటుంది. అందుకే ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు. ఇరవై అడుగులంటే సుమారు ఆరు మీటర్లు. చూపు పరీక్షలో 6/6 అనే మాటలో మొదటి ఆరు ఈ ఆరు మీటర్లే. మా తాతయ్య బిట్రగుంటలో స్టీమ్ ఇంజన్ డ్రైవర్. కళ్ళజోడు లేకుండా 6/6 ఉంటేనే ఇంజన్ ఎక్కనిచ్చేవాళ్ళని గర్వంగా చెప్పేవాడు. సిగ్నల్ చూడాల్సినవాళ్ళకి పరీక్ష పెట్టారు, బోర్డు చూడాల్సిన పిల్లాడికి నేను పెట్టలేదు.

బ్లూ లైట్‌ని నిజంగా పట్టించుకోవాల్సింది నిద్ర విషయంలో. పగలని మెదడుకి చెప్పేది ముఖ్యంగా ఆ నీలి వెలుగే. రాత్రి పదింటికి మొహానికి దగ్గరగా ఫోన్ పెట్టుకుంటే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ తగ్గుతుంది. దానికి మందు అద్దాలు కాదు, పడుకునే ముందు గంటసేపు ఫోన్ వేరే గదిలో పెట్టడమే. ఇందులో మా తప్పూ ఉంది. హోమ్‌వర్క్ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో పెట్టింది మేమే కదా! మా సెక్షన్ టీచర్లం ఇప్పుడు సాయంత్రం ఆరులోపే పెడుతున్నాం. ఆలస్యమైతే మర్నాడు క్లాసులోనే ఇస్తాం.

ఇక దూరపు చూపు తగ్గడం. కనుగుడ్డు ఉండాల్సినదానికన్నా పొడుగ్గా పెరగడం వల్ల వచ్చేది అది. 2050 నాటికి ప్రపంచంలో సగం మందికి ఈ సమస్య ఉంటుందని 2016లో ఒక పరిశోధన అంచనా వేసింది. పవర్ మైనస్ ఆరు దాటితే రెటీనా ఊడిపోవడం లాంటి ముప్పు పెరుగుతుంది. దగ్గరగా పెట్టుకుని గంటలతరబడి చూడటం ఒక కారణం, అది ఫోనైనా పుస్తకమైనా సరే. ఆరుబయట వెలుగులో గడపకపోవడం ఇంకో కారణం. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 స్కూళ్ళలో ఒకటో తరగతి పిల్లల మీద ప్రయోగం చేశారు. సగం స్కూళ్ళలో రోజుకి 40 నిమిషాలు అదనంగా బయట గడిపించారు. మూడేళ్ళ తర్వాత ఆ స్కూళ్ళలో 30.4 శాతం మందికి, మిగతా స్కూళ్ళలో 39.5 శాతం మందికి దూరపు చూపు సమస్య కొత్తగా వచ్చింది. 2015లో వచ్చిన ఈ లెక్క చదివినప్పుడు, గ్రామర్ రివిజన్ కోసం పీఈటీ సార్‌ని బతిమాలి తీసుకున్న గేమ్స్ పీరియడ్లన్నీ గుర్తొచ్చాయి. ఇప్పుడు అడగడం మానేశాను. మన ఎండల్లో మధ్యాహ్నం పంపమనడం లేదు. పొద్దున, సాయంత్రం చాలు, చెట్టు నీడైనా పర్వాలేదు. ఆ నీడలో కూడా క్లాస్‌రూమ్ కన్నా ఎన్నో రెట్లు వెలుగుంటుంది.

2019 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలైనప్పుడు ముందు బడిపిల్లలకే పరీక్షలు చేశారు. "అప్పుడు చూశారుగా మేడమ్, బాగానే ఉందన్నారు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పిల్లల చూపు ఏడాదిలోనే మారిపోతుంది. ఏటా ఒకసారి చూపించండి. టీవీకి దగ్గరగా జరుగుతున్నా, కళ్ళు చిట్లించి చూస్తున్నా ఏడాది దాకా ఆగకండి. అద్దాల షాపుకన్నా ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మన బాబు ఇప్పుడు ఏడో తరగతి, వెనక బెంచీలోనే కూర్చుంటాడు. ఆ బ్లూ కట్ జోడు ఏం చేశారని మొన్న వాళ్ళ నాన్నగారిని అడిగాను. ఫ్రేమ్ బాగానే ఉందని, అందులోనే పవర్ అద్దాలు వేయించారట.