ఇసుక దాచిన దారులు

ఎడారి మరపునకు మారుపేరు. నీరు ఇంకిన చోట ఊళ్లు పాడుపడతాయి. పాడుపడిన ఊళ్లను ఇసుక కప్పివేస్తుంది. అయినా మానవుని అడుగుజాడలు అంత సులభంగా చెరిగిపోవు. నేలపై నడిచే బాటసారికి కానరాని గీత, ఆకాశం నుంచి చూచేవారికి స్పష్టంగా గోచరిస్తుంది.

1981 నవంబరులో కొలంబియా అంతరిక్షనౌకలోని రాడార్, సహారా ఎడారిలో పొడి ఇసుక కింద పూడిపోయిన ప్రాచీన నదీమార్గాలను చూపింది. నదులు కనబడినప్పుడు నగరాలు మాత్రం ఎందుకు కనబడవు? అమెరికాకు చెందిన డాక్యుమెంటరీ చిత్రాల దర్శకుడు నికొలస్ క్లాప్‌ను ఈ ప్రశ్న వెంటాడింది.

ఆయన మనసులో ఉన్నది ఉబార్. దక్షిణ అరేబియాలో సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన రుబ్ అల్ ఖాలీ ఎడారిలో, ధూపద్రవ్య వాణిజ్యంతో తులతూగిన ఆ నగరం దైవాగ్రహానికి గురై ఇసుకలో కుంగిపోయిందని జనశ్రుతి. ఆ ఎడారిని 1930-31లో దాటిన ఆంగ్లేయ యాత్రికుడు బెర్ట్రమ్ థామస్‌కు, వెంట ఉన్న బెదూయిన్లు పాత బాటలను చూపి, అవి ఉబార్‌కు పోయే దారులని చెప్పారు.

1984 అక్టోబరులో ఛాలెంజర్ నౌక ఆ ప్రాంతాన్ని రాడార్‌తో చిత్రించింది. శాస్త్రజ్ఞులు దానికి ల్యాండ్‌శాట్, స్పాట్ ఉపగ్రహాల చిత్రాలను జోడించి పరిశీలించారు. వారికి నగరం కనబడలేదు, దారులు కనబడ్డాయి. తరతరాలుగా ఒంటెల పాదాల కింద నలిగిన నేల, చుట్టూ ఉన్న ఇసుకకంటే భిన్నంగా కాంతిని పరావర్తనం చేస్తుంది. కొన్ని బాటలు పెద్ద ఇసుకదిబ్బల కిందికి చొచ్చుకొనిపోయాయి. అంటే అవి ఆ దిబ్బలకంటే పాతవి. పలు బాటలు ఒమన్ దేశంలోని షిస్ర్ అనే నీటిచెలమ వద్ద కలుస్తున్నాయి.

1991 చివర పురావస్తుశాస్త్రవేత్త యూరిస్ జారిన్స్ బృందం అక్కడ తవ్వకాలు ప్రారంభించింది. కోటగోడలు, బురుజులు, దూరదేశాల మట్టిపాత్రల పెంకులు బయటపడ్డాయి. కోట కింద ఉన్న సున్నపురాతి గుహ కూలడంతో కొంత భాగం గోతిలోకి కుంగిపోయినట్లు తేలింది. జనశ్రుతికి ఆధారం దొరికినట్లే అనిపించింది. ఉబార్ దొరికిందని 1992లో పత్రికలు చాటాయి.

అయితే ఉబార్ అనేది ఒక నగరం పేరు కాదని, ఒక ప్రాంతం పేరని తరువాతి కాలంలో జారిన్స్ స్వయంగా అభిప్రాయపడ్డాడు. ప్రపంచమంతా మెచ్చిన మాటను సవరించడానికి ఎంతో నిజాయితీ కావాలి. ఆ సవరణ వల్ల షిస్ర్ విలువ తగ్గలేదు. ప్రాచీన ధూపద్రవ్య వాణిజ్యానికి సాక్ష్యంగా నిలిచిన స్థలాలలో ఒకటిగా దానిని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

నేడు ఉపగ్రహ చిత్రాలు విద్యార్థులకు సైతం అందుబాటులో ఉన్నాయి. వాటిలో చతురస్రం కనబడితే కోట అనిపిస్తుంది; అది పశువుల దొడ్డి కావచ్చు. సరళరేఖ రాచబాట అనిపిస్తుంది. అది నిన్నటి వాహనం జాడ కావచ్చు. చిత్రం ఎక్కడ వెదకాలో చెబుతుంది. అక్కడ ఏమున్నదో పలుగూ పారా తేల్చాలి. చూచినదానికి తొందరపడి పేరు పెట్టక, నేల చెప్పే మాటకై వేచి ఉండే ఓర్పే చరిత్ర విద్యార్థికి తొలి పాఠం.