కన్నుల ముందరి కళ

రొద్దము పెన్నానదీతీరమున నున్న పాతయూరు. హిందూపురమునకు ఉత్తరముగా, పెనుకొండకు పడమరగా, శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. అచ్చట పెన్న సంవత్సరములో పెక్కుమాసములు ఇసుకబాటయే గాని నీటిబాట కాదు. ఆ యూర తెల్లవారుసరికి ఇల్లాండ్రు వాకిళ్లు ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుటకు కూర్చుందురు.

ముగ్గు పెట్టు ఇల్లాలు కాగితము చూడదు, కొలబద్ద పట్టదు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి పిండి సన్నని ధారగా జారును. ముందు చుక్కలు నిలుచును; పిదప చుక్కలచుట్టు గీత తిరుగును. చూచుచుండగనే పందిరిమీది దొండతీగ వాకిటిలోనికి దిగివచ్చును. ఒకనాడు తామరపువ్వు, ఒకనాడు నెమలి, మరియొకనాడు పట్టుపురుగులను పెంచు వెదురు చంద్రికలోని చుట్టలు. ఆమెను చిత్రకారిణి యని ఎవరును పిలిచి యెరుగరు. ప్రొద్దెక్కునప్పటికి ఆ ముగ్గు పశువుల గిట్టలక్రిందను బండ్ల చక్రములక్రిందను చెరగిపోవును. ఆమె విచారింపదు. మరునాటి యుదయమున మరల పిండి చేతికి తీసికొనును.

కళ యనగానే చాలమందికి దూరదేశములు జ్ఞప్తికి వచ్చును. పాలరాతి మందిరములును, బంగారు చట్రములలో బిగించిన పటములును మనసున మెదలును. ఎఱ్ఱనేల, నల్లని గుండ్లు, వేరుశనగచేలు, చింతచెట్లు, మల్బరీతోటలు తప్ప రొద్దము పరిసరములలో చిత్రకారునకు పనికివచ్చున దేమున్నదని బాటసారి తలపవచ్చును. కాని ఆ యూరికి దక్షిణదిక్కున లేపాక్షియు, ఈశాన్యమున ధర్మవరమును, ధర్మవరము చేరువ నిమ్మలకుంటయు నున్నవి. ఈ మూడుచోట్ల వర్ధిల్లిన కళలను శ్రద్ధతో చూచినవారికి ఒక సంగతి తేటపడును. ఆ కళాకారులు వస్తువులకొరకు దూరము పోలేదు. తమ వాకిట నున్నవానినే చూచిరి; చూచినదానిని మరువక చేతిలోనికి తెచ్చుకొనిరి.

మొదట లేపాక్షిని చూడవలెను. తాబేలు వీపువలె నున్న గుట్టమీద వీరభద్రాలయమున్నది. ఆ గుట్టకు కూర్మశైల మని పేరు. విజయనగరప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529కిని 1542కిని నడుమ, విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరులు ఈ యాలయమును విస్తరింపజేసిరని ప్రసిద్ధి. దాని కప్పులయందు పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, శ్రీరామపట్టాభిషేకము, మనునీతిచోళుని కథ మున్నగునవి చిత్రింపబడియున్నవి. కథలు పురాణములవి, ప్రాచీనులవి. ఆ కథలలోని మనుష్యులు మాత్రము చిత్రకారుని పొరుగువారు. దేవకాంతలు కట్టిన చీరలు ఆనాటి స్త్రీలు కట్టినవే. గళ్లచీరలు, చారలచీరలు, పూలచీరలు, వెడల్పు అంచులవి, సన్నని అంచులవి కానవచ్చును. కొప్పు ప్రక్కకు ముడిచిన తీరు, చెవికమ్మ వ్రేలాడు తీరు చిత్రకారుడు ఏ గ్రంథమునందును చదివి వ్రాసినవి కావు. సంతకు పోవుచు, నీళ్లరేవున నిలిచి, పెండ్లిపందిరిలో కూర్చుండి అతడు కన్నులార చూచినవే. ఆలయమును కట్టించిన సోదరులు కూడ పొడవైన కుళ్లాయిలు ధరించి, నాటి యధికారులవలెనే చిత్రములో నిలిచియున్నారు.

రంగులును అట్టివే. ఆ చిత్రములలో కావి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ వన్నెలు ప్రధానముగా కనబడును. కావియు పసుపును మట్టిలోనివి, తెలుపు సున్నము, నలుపు మసి. కాలిక్రింది నేలయు పొయ్యిమీది మసియు తలపైని కప్పునకెక్కి కైలాసమైనవి. నాలుగువందల యేండ్లు దాటినను పెక్కుచోట్ల ఆ రంగులు నిలిచియున్నవి.

చిత్రకారులవలెనే శిల్పులును. ఆలయప్రాంగణములో పడగలెత్తిన పెద్ద నాగశిల్పము శివలింగమునకు గొడుగుపట్టియున్నది. శిల్పుల తల్లి వంట చేయుచుండగా, అన్నము ఉడుకునంతలో వారు ఆ నాగమును చెక్కిరని ఒక కథను స్థానికులు చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను దానిలో ఒక భావమున్నది. వంటపొగకును శిల్పమునకును ఆ ఊరివారు దూరము కల్పింపలేదు. ఆవరణలోని రాతినేలపై పళ్లెములవంటి ఆకారములు చెక్కియున్నవి. పనివారు వానిలో భుజించిరని ప్రతీతి. ఇంకొకచోట ఒకే దేహమునకు మూడు తలలు గల పశువు శిల్పమున్నది. ఏ రెండు తలలను అరచేతులతో మూసినను, మిగిలిన తలతో పశువు సంపూర్ణముగనే కనబడును. మేతమేయు పశువును ప్రొద్దుపొడవున చూచినవానికి గాని అట్టి చమత్కారము తోచదు. ఊరిమొగమున నున్న ఏకశిలానంది పొడవు సుమారు 27 అడుగులు. ఎత్తు సుమారు 15 అడుగులు. దాని మెడను గంటలపేరు లున్నవి. పండుగనాడు రైతు తన యెద్దునకు కట్టు గంటలు ఆ శిల్పికి క్రొత్తవి కావు. ఇట్టి శిల్పమును చిత్రమును గల ఈ యాలయమును, నందిని 2022లో యునెస్కో ప్రపంచవారసత్వపు తాత్కాలిక జాబితాలో చేర్చిరి.

లేపాక్షి లతామండపములోని స్తంభములమీద తీగలు, పూవులు, హంసలు, చిలుకలు, వింతవింత చుట్టలు వరుసలుగా చెక్కబడియున్నవి. ఒక స్తంభమునకు మరియొక స్తంభమునకు పోలికలేదు. ఇవి చీరల యంచులకు ఒరవడులైనవి. ధర్మవరపు పట్టుచీరలలో లేపాక్షి నమూనాలకు ఎంతో మన్ననయున్నది. ఇక్కడ ఒక విచిత్రమున్నది. ఆనాటి చిత్రకారుడు నేతగాని చీరను చూచి ఆలయపు కప్పుమీద వ్రాసెను. తరువాతి నేతగాడు ఆలయమును చూచి చీరమీద నేసెను. గుడ్డ గుడిలోనికి పోయి, మరల గుడ్డకు తిరిగివచ్చినది.

ఆ చీరకు కావలసిన పట్టుగూళ్లను ఇచ్చట రైతులే పండింతురు. హిందూపురప్రాంతమున మల్బరీసాగు విరివిగా నున్నది. అచ్చటి పట్టుగూళ్ల విక్రయకేంద్రము పేరుపొందినది. పురుగు మల్బరీయాకు తిని, పండి, చంద్రికపై గూడు కట్టుకొనును. గూటినుండి తీసిన పట్టుపోగు మగ్గమునకు చేరి పడుగుగను పేకగను మారును. మగ్గముపై నుండు జకార్డుయంత్రములో చిల్లులు పొడిచిన అట్టలుండును. ఏ చిల్లు ఎక్కడనున్నదో దానినిబట్టి పడుగుపోగులు లేచును. పోగులు లేచినట్లు పువ్వు పూయును. చూపరికి అది వట్టి అట్టముక్క. నేతగానికి అది తోట.

చిల్లులతోనే బ్రదుకు వెలిగించుకొనిన మరియొక కులవిద్య నిమ్మలకుంటలో నున్నది. అది తోలుబొమ్మలాట. ఈ కళాకారుల పూర్వులు మహారాష్ట్రప్రాంతమునుండి వచ్చినవారు. ఇంట వారు మాటలాడునది మరాఠీకి చెందిన భాష. తెరవెనుక పలుకునది తెలుగు. వారికి కావలసిన వస్తువు మేకతోలు. దానిని వేడినీట నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగలాగి ఎండబెట్టినయెడల లోపలనుండి వెలుగు ప్రసరించునంత పలుచనగును. దానిపై రూపము గీసి, ఉలులతో చిల్లులు పొడిచి, రెండువైపుల రంగులు పూయుదురు. కాళ్లు, చేతులు, తల వేరువేరుగా కత్తిరించి దారముతో కీళ్లు కట్టుదురు. తెరవెనుక దీపము వెలిగినప్పుడు ఆ చిల్లులలోనుండి వెలుగు బయటికి వచ్చి, సీతమ్మ మెడలో నగలవలె మెరయును. ప్రేక్షకుడు నగ యనుకొనునది నిజమునకు ఖాళీస్థలము!

ఈ యాటలో ముఖ్యపాత్రలు రాముడు, రావణుడు, భీముడు మొదలైనవారు. అయినను పిల్లలు ఎదురుచూచునది కేతిగానికొరకు, బంగారక్కకొరకు, జుట్టుపోలిగానికొరకు. వీరు ఏ పురాణమునందును లేరు. ఊరి రచ్చకట్టకడ తగవులాడువారు, అప్పు తీర్చక తప్పించుకొని తిరుగువారు, లేని గొప్పలు చెప్పువారు తోలుబొమ్మలై తెరకెక్కినారు. యుద్ధము జరుగుచుండగా నడుమ వీరు వచ్చి, నాలుగు మాటలాడి, నవ్వించి పోవుదురు. రావణుని చూచి భయపడిన పిల్లవాడు పోలిగానిలో తన పొరుగింటివానిని పోల్చుకొని నవ్వును. బొమ్మలాటవాడు తోలుమీద ఉలి నడుపుటకు ముందు మనుష్యులమీద చూపు నడిపియుండవలెను.

పూర్వము పంటలు ఇల్లుచేరిన దినములలో ఊరూర బొమ్మలాట జరుగుచుండెడిది. వాన రానిచో విరాటపర్వము ఆడించు వాడుకయు నుండెడిది. సినిమా వచ్చినది, పిదప టెలివిజను వచ్చినది, రాత్రి తెల్లవార్లు తెరముందర కూర్చుండు జనము తగ్గినది. ఆటకు పిలుచువారు తగ్గగా, కళాకారులు ఆ తోలుతోనే దీపములకు కప్పులు, గోడలకు వ్రేలాడదీయు పటములు చేయ మొదలిడిరి. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో భారతప్రభుత్వము పద్మశ్రీ పురస్కారమునిచ్చి గౌరవించినది.

దీనిని గూర్చి రెండు అభిప్రాయములు గలవు. రాముని కథ చెప్పిన తోలు దీపపుకప్పు అగుట కళకు తగ్గింపు అని కొందరందురు. ఆకలితో నున్న చేయి ఉలిని ఎంతకాలము పట్టగలదని మరికొందరు ప్రశ్నింతురు. రెండవ మాటలో న్యాయమున్నది. దీపపుకప్పు కొనువా డుండబట్టియే పెక్కు యిండ్లలో ఉలులు తుప్పుపట్టలేదు. మొదటి మాటయు త్రోసివేయదగినది కాదు. పూర్వము దీపము బొమ్మను వెలిగించెను. బొమ్మ కథను వెలిగించెను. ఇప్పుడు బొమ్మ దీపమునకు చుట్టును కప్పబడి మౌనముగా నున్నది. కథ చెప్పు గొంతు ఇంకను ఆ యిండ్లలో నుండగనే వినువారు ముందుకు రావలెను. వినువారు లేని గొంతు ఒక తరములో మూగవోవును.

మగ్గమునకును ఇట్టి చిక్కే వచ్చినది. మరమగ్గము చేతిమగ్గముకంటె త్వరగా నేయును; తక్కువ వెలకు అమ్మును. కంప్యూటరు ఒక స్తంభముమీది తీగను క్షణములో వేయి చీరలకు దించగలదు. దానిని నిందింప నక్కరలేదు. ధర్మవరములో నమూనాలు గీయువారు తామే దానిని వాడుకొనుచున్నారు. అయితే కంప్యూటరు దించునది మరియొకడు చూచిన తీగను. ఆ తీగను మొట్టమొదట చూచినవాడు లేకున్నచో దించుటకేమియు నుండదు. పాతనమూనాలను కాపాడుట మంచిదే. వానిని పుట్టించిన చూపును కాపాడుట అంతకంటె అవసరము. చూపు నిలిచినయెడల పోయిన నమూనాకు బదులు క్రొత్తది పుట్టును. చూపు పోయినయెడల నమూనాలన్నియు పెట్టెలో నున్నను వానికి చివర లేదు, మొదలు లేదు.

ఈ సత్యము ఒక్క ప్రాంతమునకు చెందినది కాదు. హాలండులో పుట్టిన వాన్ గో యను చిత్రకారుడు 1885లో బంగాళాదుంపలు తినుచున్న పేదరైతు కుటుంబమును చిత్రించెను. 1886లో అరిగిపోయిన పాతజోళ్లను చిత్రించెను. ఆ జోళ్లకు సంతలో వెల యుండియుండదు. ఆయన చిత్రించిన పటమును చూచుటకు నేడు దూరదేశములనుండి జనులు వత్తురు. తెలుగునాట కొండపల్లిలో పొణికికొయ్యతో చెక్కు బొమ్మలలో దేవతలతోపాటు ఎడ్లబండియు, కల్లుగీతగాడును ఉన్నారు. ఎక్కడనైనను కళాకారుడు చేసినది ఒకటే: అందరును దాటిపోవు వస్తువు ముందర అతడు కొంతసేపు ఆగెను.

ఆగుట సులభముగా తోచును గాని సులభము కాదు. ప్రతిదినము కనబడు వస్తువు కంటికి అలవాటై మరుగుపడును. బడికి పోవు త్రోవలోని చింతచెట్టు కొమ్మలు ఎన్ని పాయలై చీలినవో, గుండ్లమీద వానచారలు ఏ వంపు తిరిగినవో, అమ్మమ్మ చీర అంచున ఏ పక్షి యున్నదో అడిగినయెడల చాలమంది వెంటనే చెప్పలేరు. చెప్పగలిగినవాడు కుంచె పట్టకున్నను కళకు సగము త్రోవ నడచినవాడే.

రొద్దములో మధ్యాహ్నమైనది. ప్రొద్దుటి ముగ్గు ఇంచుమించు చెరగిపోయినది. వాకిటి మూల దొండతీగ చుట్ట యొకటి మాత్రము మిగిలియున్నది. బడినుండి అన్నమునకు వచ్చిన బాలిక యొకతె గడపకడ నిలిచి, దానిని త్రొక్కక ప్రక్కగా అడుగువేసి లోనికి పోయినది. రేపు ఉదయమున ఆమెయు తల్లిప్రక్కన కూర్చుండి చుక్కలు పెట్టవచ్చును.