ఉత్పతనం

ఉత్పతనం అన్న మాటను బడిలో సైన్సు పాఠంలో చదువుకున్నాం. ఘనపదార్థం ద్రవం కాకుండానే నేరుగా ఆవిరి కావడం. డబ్బాలో పెట్టి మరచిపోయిన కర్పూరం బిళ్ళ ఎక్కడా తడి చేయకుండానే రోజురోజుకూ చిక్కిపోవడానికి కారణం ఇదే. ఆయుర్వేదంలో రససిందూరం సీసా మెడకు ఎగిరి అంటుకునేదీ ఇలాగే. పరీక్ష రాసిన మరునాడే మరచిపోయిన ఆ మాట మా చెల్లెలి పుణ్యమా అని మళ్ళీ నా జీవితంలోకి వచ్చింది.

చెల్లెలు బాచుపల్లిలో ఉంటుంది. చుట్టూ కాలేజీలు, హాస్టళ్ళు. వీడ్కోలు సభలకు టీషర్టులు, పుట్టినరోజులకు ఫొటో కప్పులు ఎవరో ఒకరికి కావలసి వస్తూనే ఉంటాయి. ఆ పని ఇంట్లోనే మొదలుపెడతానని, ప్రింటరు సంగతి నన్ను చూడమనీ అంది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేవాడికి ప్రింటరు విప్పడం వచ్చి తీరుతుందని మా బంధువర్గంలో ఒక గట్టి నమ్మకం లెండి!

ఈ పనికి ఏ ప్రింటరు పడితే అది పనికిరాదు. హెచ్‌పీ, కానన్ ఇంక్‌జెట్లు సిరాను క్షణకాలం మరిగించి, ఆ బుడగ తోపుతో చుక్కను చిమ్ముతాయి. వేడికి ఎగిరిపోవడమే స్వభావమైన రంగును ఆ దారిన పంపడం కొరివితో తల గోక్కోవడమే. ఎప్సన్ తలలో వేడి ఉండదు. విద్యుత్తు సోకగానే వంగే పీజో పలక ఒకటి సిరాను నెడుతుంది. (ఈ పీజో గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు.) అందుకని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు నుంచి నాలుగు ట్యాంకుల ఎప్సన్ ప్రింటరు కొత్తది తెచ్చి, దానితో వచ్చిన సిరా సీసాలు విప్పకుండా పక్కన పెట్టాం. ఒకసారి మామూలు సిరా పోస్తే గొట్టాలన్నీ కడగవలసి వస్తుంది. వారంటీకి అక్కడే నీళ్ళు వదిలాం.

సబ్లిమేషన్ సిరాలోని రంగు నీటిలో కరగదు, సన్నని పొడిగా తేలుతూ ఉంటుంది. అందుకే సీసాను బాగా కుదిపి పోయాలి. నాలుగు ట్యాంకులూ నింపి, గొట్టాల్లోకి సిరా ఎక్కేదాకా ఆగి, నాజిల్ చెక్ కాగితం తీశాం. గీతలన్నీ తెగకుండా వచ్చాయి. రోజుకొక రంగుల కాగితమైనా అచ్చు వేయకపోతే రంధ్రాలు పూడుకుపోతాయని చెల్లెలు గోడమీద రాసి పెట్టుకుంది.

కాగితం మీద బొమ్మ వెలవెలబోతూ, నలుపు కూడా మురికి బూడిదరంగులో ఉంటుంది. పైగా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. పోతన ఖతిలో 'అమ్మ' అని వేసి చూశాను. అ ఎటు తిరిగిందో పోల్చుకోవడానికి నాకే కాసేపు పట్టింది. దాన్ని పాలియెస్టరు గుడ్డ మీద బోర్లించి, 190 డిగ్రీల పైచిలుకు వేడిలో ఓ నిమిషం అదిమితే రంగు ఆవిరై పోగులోకి దూరి అక్కడే ఉండిపోతుంది. కాగితం తీయగానే ఎరుపు ఎరుపుగా కళ్ళు తెరుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

నూలుగుడ్డ మాత్రం ఈ రంగును పట్టుకోదు, రెండు ఉతుకుల్లో వదిలేస్తుంది. మా అమ్మ పుట్టిల్లు కొయ్యలగూడెం. మేనమామ ఇప్పటికీ నూలు మీద చిటికి పని నేస్తాడు. ఆయన బాచుపల్లి వచ్చిన రోజునే చెల్లెలికి ఒక బొటిక్ నుంచి 'పోచంపల్లి' దిండు గలీబులు నలభై కావాలని ఆర్డరు వచ్చింది. మచ్చు ముక్క బల్ల మీద ఉంది. చిటికిలో పోగులు కొద్దిగా జరగడం వల్ల డిజైను అంచు మసకబారుతుంది కదా, ఆ మసకను సైతం అచ్చు వేశారు!

మామ ముక్కను వేళ్ళతో నలిపాడు. "గిది ఎన్ని దినాల్ల నేసిన్రు బిడ్డా?" అన్నాడు.

"నేసింది గాదు మామా, నిమిషంల అచ్చేసిన."

ఆయన గుడ్డను తిరగేశాడు. వెనక తెల్లగా ఉంది. రంగద్దిన నూలుతో నేసిన చిటికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఆయన ఇంకేమీ అనలేదు.

యంత్రమంటే ఆయనకు గిట్టదని కాదు. చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. అత్తయ్య భుజం ఆ పనికే అరిగిపోయింది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రాన్ని మామ దేవుడిలా చెప్పుకుంటాడు. అది చేతి నొప్పిని తీసింది, నేతను ఉంచింది. మా ప్రింటరు నేతను తీసేసి చూపును ఉంచుతోంది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పేరును పాలియెస్టరు మీద పెట్టడం నాకైతే దొంగతనమే.

ఆ ఆర్డరుతో ప్రింటరు ఖరీదులో సగం చేతికొచ్చేది. చెల్లెలు రాత్రంతా లెక్కలు వేసుకుంది. గలీబులు వేస్తాను గాని పోచంపల్లి అన్న పేరు ఉండకూడదని మరునాడు బొటిక్‌కు చెప్పింది. వాళ్ళు మళ్ళీ ఫోను చేయలేదు.

మామ ఊరికి బయలుదేరే ముందు ఒక మాట అడిగాడు. శాటిన్ రిబ్బను మీద అక్షరాలు పడతాయా అని. అది పాలియెస్టరే కనుక పడతాయన్నాను. తన పేరు, ఊరు, నేయడానికి పట్టిన రోజులు, అన్నీ తెలుగులోనే ఉండాలన్నాడు. మండలి ఖతిలో కూర్చి, తిరగేసి, మూడు మీటర్ల రిబ్బను మీద అదిమి ఇచ్చాం. రోజుల దగ్గర మాత్రం ఖాళీ వదలమన్నాడు. అది ప్రతి గుడ్డకూ మారుతుందట, పెన్నుతో తనే రాసుకుంటాడట.