రోముకు రొట్టె తెచ్చిన నది

మధ్య ఇటలీలో ఫుమయోలో కొండ మీద, బీచ్ చెట్ల అడవిలో, సుమారు 1,270 మీటర్ల ఎత్తున టైబర్ నది పుడుతుంది. ఊటల దగ్గర గద్ద బొమ్మ ఉన్న రాతి స్తంభం ఒకటి ముస్సోలినీ హయాంలో నిలిపారు. అంతకుముందే, 1923లో, నది పుట్టుచోటు తన సొంత జిల్లాలోకి వచ్చేలా ఆయన సరిహద్దులే మార్పించాడు. పాలకుల ఆర్భాటం అలా ఉంచుదాం. సముద్రం దాకా సాగే ఈ 405 కిలోమీటర్ల దారిలో నేను వెతికేది రోముకు తిండి మోసిన మనుషుల జాడ.

ఎగువ లోయలో, ఇప్పటి చిట్టా ది కాస్టెల్లో ప్రాంతంలో, రోమన్ రచయిత చిన్న ప్లీనీకి భూములుండేవి. చలికాలంలో, వసంతంలో అక్కడి పంటంతా పడవల మీద నగరానికి పోయేదనీ, ఎండాకాలం వస్తే నది వట్టిపోయేదనీ ఆయన ఒక ఉత్తరంలో రాశాడు. ఓర్తె దగ్గర నేరా నది వచ్చి కలిశాకే టైబర్‌కు నిండుదనం. ఆపైన మిల్వియన్ వంతెన. క్రీ.శ. 312లో రోమన్ సింహాసనం కోసం జరిగిన పోరులో కాన్‌స్టంటైన్ చేతిలో ఓడిన మాక్సెంటియస్ ఇక్కడే నదిలో మునిగిపోయాడు.

రోములోకి వచ్చేశాం. క్రీ.పూ. 312లో మొదటి నీటి కాలువ తవ్వేదాకా ఊరు ఈ నదినీ, బావులనూ, ఊటలనూ నమ్ముకునే బతికింది. తర్వాత కాలువలు పదకొండయ్యాయి. ఊరి మురుగు మాత్రం క్లోఅకా మాక్సిమా గుండా నదిలోకే వచ్చిపడేది. నది నడుమనున్న లంకలో క్రీ.పూ. మూడో శతాబ్ది మొదట్లో వైద్యదేవుడు ఎస్కులాపియస్‌కు గుడి కట్టారు. ఆ లంకలో నేటికీ ఆసుపత్రి ఉంది. క్రీ.పూ. 62 నాటి ఫాబ్రిసియస్ వంతెన మీద జనం ఇప్పటికీ నడుస్తున్నారు.

అవెంటైన్ కొండ దాటాక టెస్టాచ్చో గుట్ట. నా లెక్కలో రోములో దీనికి మించిన స్మారకం లేదు. 35 మీటర్ల ఎత్తున్న ఈ గుట్టంతా పగిలిన నూనె జాడీల పెంకులే. సుమారు అయిదు కోట్ల జాడీలవని అంచనా. ఎక్కువ భాగం దక్షిణ స్పెయిన్ నుంచి, కొంత ఆఫ్రికా నుంచి వచ్చాయి. ఒక్కో పెద్ద జాడీలో 70 లీటర్ల దాకా ఆలివ్ నూనె పట్టేది. నూనె పీల్చుకున్న మట్టి ముక్కవాసన కొడుతుంది, మళ్లీ వాడలేరు. అందుకే పగలగొట్టి, వరుసలుగా పేర్చి, కంపు తగ్గడానికి సున్నం చల్లేవారు. పెంకుల మీద సిరాతో రాసిన బరువు, వర్తకుడి పేరు, తనిఖీ వివరం నేటికీ చదవొచ్చు. వంటకు, దీపానికి, స్నానానికి, అన్నిటికీ ఈ నూనే. ఇక గోధుమలు ఈజిప్టు, ఆఫ్రికా, సిసిలీల నుంచి వచ్చేవి. అగస్టస్ కాలానికి సుమారు రెండు లక్షల మంది పౌరులకు ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇచ్చేది.

ఆ సరుకంతా ఏటికి ఎదురు రావాలి. గోదావరి కాలువల్లో గట్టు మీంచి తాడు కట్టి పడవలు లాగినట్టే ఇక్కడా మనుషులు, ఎద్దులు లాగేవారు. సముద్రం నుంచి నగరానికి రెండు మూడు రోజులు పట్టేది. ఆ లాగినవాళ్ల పేర్లు ఏ విజయతోరణం మీదా లేవు. అది అన్యాయమే.

నది చివర ఓస్టియా. అంతస్తుల అద్దె ఇళ్లు, కింద అంగళ్లు, గాడిదలు తిప్పిన తిరగలి రాళ్లున్న రొట్టెల కార్ఖానాలు, పక్కపక్కనే కూర్చునే రాతి మరుగుదొడ్లు. వర్తక సంఘాల ఆవరణలో నేల మీద ఓడల బొమ్మలు, రేవుల పేర్లు. పక్కనే క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో మొదలుపెట్టిన రేవు, దానికి తర్వాతి చక్రవర్తి ట్రాజన్ జోడించిన ఆరు మూలల కొలను. రోము వర్తకం ఈజిప్టు మీదుగా మన తీరం దాకా పాకింది. మసాలియా ప్రాంతపు నూలు బట్టల గురించి 'పెరిప్లస్' అనే ప్రాచీన గ్రీకు నౌకాయాన గ్రంథం చెబుతుంది, అది కృష్ణా ముఖద్వారపు తీరమే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయి.

1557 వరదలో నది ఓస్టియాను వదిలి దారి మార్చుకుంది. ఒండ్రు మేటవేసి సముద్రం కూడా దాదాపు మూడు కిలోమీటర్లు వెనక్కి జరిగింది. రోము వెళ్లే తెలుగువాళ్లు కొలోసియం, వాటికన్ చూసి తిరిగొచ్చేయకండి. ఒక్క పూట ఓస్టియాకు ఇవ్వండి. రోములోని పిరమిడ్ దగ్గరి స్టేషన్ నుంచి రైల్లో అరగంట, టెస్టాచ్చో గుట్టకైతే అదే స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు.