నాయనగారి బండి

గత సంవత్సర మొక అమావాస్యనాడు, మనుమని వెనుక గూర్చుండి, మా నాయనగారి పాత బుల్లెట్టుమీద తిరుత్తణినుండి తిరువళ్లూరు వీరరాఘవస్వామి దర్శనమునకు బయలుదేరితిని. దారి సుమారు 40 కిలోమీటర్లు. ఊరు చేరకముందే బండి రెండుమారులు దగ్గి నిలిచిపోయినది. ట్యాంకులో పెట్రోలు కలదు. ఇంజనులోనికి దిగుట లేదు.

త్రోసికొని పోయి ఒక మెకానిక్కు కొట్టువద్ద నిలిపితిమి. అతడు కుళాయి విప్పి సీసాలో పట్టగా పెట్రోలు కాఫీ డికాషనువలె దిగినది. అడుగున ఎఱ్ఱని నుసి పేరుకొన్నది. టార్చిలైటుతో లోపల చూచి నవ్వి, ఇంటి తెలుగులో, “పైన పటారం, లోన లొటారం సార్” అన్నాడు.

ఆ మాట నాకు తగిలినది. ఆ ట్యాంకుపై మూడు తెలుగక్షరములున్నవి: శ్రీరామ. నాయనగారు తెలుగు ఉపాధ్యాయులు. 1967లో ఈ బండి కొనినపుడు బజారులోని బోర్డుల చిత్రకారునిచే ఆ నామమును వ్రాయించిరి. అప్పటికి ఏడేండ్ల క్రిందట, 1959 నాటి సరిహద్దుల చట్టము ననుసరించి, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రములో చేరినది. “పొలిమేర కదలినది గాని మన యిల్లు కదలలేదు” అని ఆయన యనుచుండెడివారు. తమిళమును ప్రేమించిరి; తెలుగును విడువలేదు.

త్రుప్పునకు కారణము నేనే. ఆయన గతించిన పిదప నాలుగేండ్లు బండిని పంచలో నిలిపితిని. ట్యాంకులో పెట్రోలు పావువంతు మాత్రమే. వెలితిగా నున్న ట్యాంకులో గాలి చేరును. రాత్రి చల్లదనమునకు ఆ గాలిలోని తేమ గోడలపై చెమర్చును. నీరు పెట్రోలుకంటె బరువు గనుక అడుగునకు దిగి అచటి రేకును తినివేయును. మీదుమిక్కిలి, 2023 ఫిబ్రవరినుండి మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు తేమను పీల్చుకొను స్వభావము గలది. పాత బండ్ల కది మరియొక పరీక్ష.

“తాతయ్యా, చెన్నైలో పుదుప్పేట బజారులో వేరే ట్యాంకు దొరుకుతుంది. దీన్ని గోడకు తగిలిద్దాం” అన్నాడు మనుమడు. అతని మాట తప్పు గాదు. కాని గోడకెక్కిన వస్తువును తుడిచెదరేగాని వాడరు. బాగుచేయుమని మెకానిక్కును వేడితిని.

అతడు ట్యాంకు విప్పి, సబ్బునీటితో పలుమారులు కడిగి, చెరకు మడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపి లోపల నింపినాడు. మడ్డి త్రుప్పును మెల్లగా కరిగించును. మంచి ఇనుమును అంతగా ముట్టదు. ఇథనాలును చెరకునుండియు తీయుదురు. రోగమునకును మందునకును పుట్టిల్లొక్కటే గదా యని నవ్వుకొంటిని. “మన హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం కరిగిస్తే ఒంటిమీది రోగం కరుగుతుందంటారు గదా సార్, ఇనుముకూ అదే వైద్యం” అన్నాడతడు.

పదిదినముల పిదప మడ్డి పారబోయగా లోపల బూడిదవన్నె ఇనుము కనబడెను. దానితోపాటు అడుగున నొక సూదిబెజ్జమును బయటపడినది. ప్రక్క కొట్టువాడు గ్యాసుమంటతో అతుకుదునని ముందుకు వచ్చెను. మెకానిక్కు చేయి అడ్డుపెట్టినాడు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. అతుకులలో దాగిన ఆవిరి నిప్పురవ్వ తగిలిన ప్రేలును. అతడు ట్యాంకును మరల కడిగి, బోర్లించి, బెజ్జము అంచువరకు నీరు నింపి, దూరమున కాల్చి తెచ్చిన కడ్డీతో టంకము వేసినాడు. తడి ఇనుము గంటలలోనే మరల త్రుప్పు పట్టును గనుక, వెంటనే ఆరబెట్టి లోపల పలుచగా నూనె త్రిప్పినాడు. పైని అక్షరములకు గీటైనను పడలేదు.

డబ్బు అందుకొనుచు అతడు మనుమనితో, “ట్యాంకు నిండుగా పెట్టు తమ్ముడూ, బండి నడుపుతా ఉండు. నిలబెడితే మళ్లీ పడుతుంది” అన్నాడు.

తిరుగుదారిలో ఆ మాటయే నా చెవులలో మ్రోగినది. మనుమడు చదివినది తమిళము, ఇంగ్లీషు. తెలుగున అతడు గుర్తుపట్టగల అక్షరములు ట్యాంకుపైనున్న ఆ మూడే. పైవ్రాతకై ఇంత తపించిన నేను, వాని లోపల ఏమి నింపితిని?

నాటినుండి ఆదివారమున వాడు ట్యాంకు నింపుకొని వచ్చును. పిదప ఇరువురము పెద్దబాలశిక్ష ముందర గూర్చుందుము. వత్తులవద్ద ఇంకను తడబడును. మొన్న నగరి బజారులో బండి నాపి, ఒక కొట్టు బోర్డువంక చాలసేపు చూచి, “తాతయ్యా, చక్కెర, బెల్లం” అని చదివినాడు. ఇంటికి కావలసినది పప్పే యైనను, దిగి రెండు కిలోల బెల్లము కొంటిని.