చలికి వణకని రాకుమారుడు

ధనుర్మాసం పెట్టిందంటే చోడవరంలో చలి మాడుగుల కొండల మీంచి దిగేది. అప్పటికి మాది విశాఖపట్నం జిల్లాయే, అనకాపల్లి జిల్లా 2022లో వచ్చిన మాట. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తెల్లారకుండా చెరకు తోలే బళ్లవాళ్లు తలకి తువ్వాలు బిగించి, వీపు మీద గోనెసంచి వేసుకునేవారు. పిల్లలకి స్వెట్టర్లు కొనే ఇళ్లు తక్కువ. మా మామ్మ పాత ఫ్లానెల్ చొక్కాలు విప్పదీసి మాకు కుల్లాయిలు కుట్టేది. చెవులు మూసేలా రెండు రెక్కలు, గడ్డం కింద ముడేసుకోవడానికి నాడాలు. కుట్టు అంచు మాత్రం బయటివైపుకి వచ్చేలా పెట్టేది. లోపలుంటే నిద్రలో పిల్లల చెవి ఒరుసుకుపోతుందట. చూడ్డానికి తిరగేసి పెట్టుకున్నట్టు ఉండేది, అది వేరే సంగతి.

నేను ఒకటో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి తెలుగు మాస్టారు తిమ్మరుసు నాటకం వేయించారు. రాయలూ మంత్రీ పెద్ద తరగతులవాళ్లు. నాది మాటల్లేని పాత్ర, తిరుమలరాయలు. శ్రీకృష్ణదేవరాయలు 1524లో ఆరేళ్ల కొడుక్కి పట్టం కట్టాడు. నెలలు తిరక్కుండానే ఆ పిల్లవాడు పోయాడు. విషం పెట్టారన్న నింద తిమ్మరుసు కుటుంబం మీద పడిందని గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. మా నాటకంలో నేను సింహాసనం ఎక్కాలి, పాలు తాగాలి, చచ్చిపోవాలి. ఆ తరవాత రాయలవారి శోకం చాలా పొడుగు. జనవరి రాత్రి, ఆరుబయట, చెక్కబల్లల మీద అంతసేపూ వెల్లకిలా పడుండాలి.

"సచ్చినోడు వణికితే జనం నవ్వరేటి మాస్టారూ?" అంది మామ్మ.

మాస్టారి దిగులు వేరు. ఆయనకి సినిమా కిరీటాలంటే మంట. లేపాక్షి బొమ్మల పుస్తకమొకటి చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చారు. పదహారో శతాబ్దపు ఆ చిత్రాల్లో దొరలంతా తెల్లటి పొడుగు అంగీల్లో, తలమీద నిలువుగా లేచిన కుల్లాయిలతో ఉంటారు. రాయల్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలనీ, జరీ టోపీ అనీ రాశాడు, కాళ్లకి చెప్పుల్లేవన్నాడు. తిరుమల గుడిలో విగ్రహానికి చొక్కా లేదు కదా అని నాన్న అడ్డు తగిలాడు. అది దేవుడి ముందు, ఇది కొలువు అన్నారు మాస్టారు. కొలువు బట్టలు అందరికీ నచ్చాయనీ కాదు. ఆ కుల్లాయీ, ఆ పెద్ద చొక్కా తగిలించుకోవలసి వచ్చిందని శ్రీనాథుడు చాటువు చెప్పుకున్నాడంటారు. రాజు పెట్టుకున్నదీ కుల్లాయేనని విన్నాక మామ్మకి మాత్రం ధైర్యం వచ్చింది.

పైన లాంక్లాతు, లోపల తాతయ్య పాత పంచె, మధ్యన ఏకిన దూది. బజారులో దర్జీ మూడు పొరలూ కలిపి మిషను కింద దూర్చబోతే సూది విరిగింది. మెడా చేతులూ తను కుట్టి, మిగతాది మామ్మకే తిప్పిపంపాడు. దూది కిందికి జారి అంచులో ఉండ కట్టకుండా వేలెడేసి దూరంలో నిలువు కుట్లు వేసింది మామ్మ. సూది దిగనప్పుడు కొవ్వొత్తి ముక్కకి రాసి మళ్లీ గుచ్చేది. కుల్లాయికి ముతకగుడ్డ చిక్కటి గంజిలో ముంచి, ఇత్తడి చెంబుకి చుట్టి ఎండేసింది. దానికీ చెవి రెక్కలు పెట్టబోతే మాస్టారు దండం పెట్టారు. రెక్కలు పోయాయి గానీ నాడాలు ఉన్నాయి.

దూది అంగీ రాజులకెక్కడిదని ఆయన చివరిదాకా గొణిగారు. రాయచూరు యుద్ధానికి కదిలిన రాయల సైన్యంలో విలుకాళ్లూ తుపాకులవాళ్లూ దూది కూరి కుట్టిన అంగీలే తొడుక్కున్నారని ఆ నూనిజ్ పుస్తకంలోనే ఉంది. ఆ ముక్క చాలా ఏళ్లకి నా కంటపడింది. ఇప్పుడు అద్దెకిచ్చే రాయల వేషం చూడండి: మెరిసే శాటిను, అట్టకిరీటం, చెమ్కీలు. అందులో చరిత్రా లేదు, వెచ్చదనమూ లేదు.

ఆ రాత్రి నేను వణకలేదు. ఒళ్లు వెచ్చబడి, రాయలు ఏడుస్తుండగానే నిద్రపోయాను. తెర పడ్డాక కూడా లేవకపోతే తిమ్మరుసే భుజాన వేసుకుని మోశాడు. ముందు వరసలో ఆడవాళ్లు "గుంటడు ఎంత బాగా సచ్చిపోయాడో!" అన్నారట.

మర్నాడు ఆ అంగీ తమ్ముడికి తొడగబోతే పిన్ని ఒప్పుకోలేదు, రాజుగారి కొడుకు పోయిన బట్ట పసివాడికేటని. మామ్మ వాదించలేదు. కుట్లు విప్పి దూది తలగడలోకి సర్దేసింది. కుల్లాయికి ఆ పట్టింపు పెట్టుకోలేదు. గంజి ఉతికేసి, పైభాగం కోసేసి, మాస్టారు వద్దన్న చెవి రెక్కలు రెండూ తెచ్చి అతికించి తమ్ముడి నెత్తిన పెట్టింది.