బాయిలో ఉన్న కెమిస్ట్రీ

సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే, మేము ఎమ్మెస్సీలో చదువుతున్న కెమిస్ట్రీ గురించే రాద్దామనుకున్నాం. ఫార్ములాలంటే భయంతోనే ఇంటర్‌లో సైన్సు గ్రూపు వదిలేసిన మిత్రులు మాకున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. కాబట్టి ఈ పాఠం చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరనే అనుకునేవాళ్లం. కానీ మందమర్రిలో బాయి దిగినవాళ్లున్న ఇండ్లలో ఈ పాఠం సగం తెలిసిందే.

"దీపం చిన్నగైతే ముందుకు పోవద్దు, ఎనుకకు రావాలె" అనేవాడు మా బాపు. సేఫ్టీ ల్యాంపులో మంట తగ్గితే అక్కడ ఆక్సిజన్ తక్కువైందని గుర్తు. మంట మీద నీలిరంగు టోపీ కనిపిస్తే మీథేన్ ఉన్నట్టు. ఈ మీథేన్ ఫార్ములా సీహెచ్4. ఆ 4 ఎందుకు? కార్బన్ పరమాణువు బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లుంటాయి, 8 నిండాలంటే ఇంకో 4 కావాలి. హైడ్రోజన్‌కు ఒక్కటి చాలు. అందుకని నాలుగు హైడ్రోజన్లు ఒక కార్బన్‌తో పొత్తు కలుస్తాయి. ఇదే సమయోజనీయ బంధం. గాలి కన్నా తేలిక కాబట్టి మీథేన్ పైకప్పు కింద చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది.

అయాన్లు కూడా బాయిలోనే ఉన్నాయి. బొగ్గు దుమ్ము అంటుకోకుండా గోడలకు చల్లే తెల్లటి పొడి సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్. ఇక్కడ పొత్తు కాదు, ఇచ్చి పుచ్చుకోవడం. కాల్షియం 2 ఎలక్ట్రాన్లు ఇచ్చేసి ధన అయాను అవుతుంది. కార్బొనేట్ మీద రెండు రుణావేశాలుంటాయి. రెండుకు రెండు సరిపోయాయి కనుక ఒకటికి ఒకటి. అదే క్లోరిన్ అయితే ఒక్కటే ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, కాబట్టి కాల్షియంకు రెండు క్లోరిన్లు కావాలి. ఫార్ములా కింద రాసే అంకె ఈ అప్పుల లెక్కే. లెక్క సరిపోతే ఫార్ములా వచ్చినట్టే, బట్టీ పట్టే పని లేదు.

ఇక ఆ చిన్న అంకెను తేలికగా తీసుకోకండి. సీఓ2 మనం వదిలే ఊపిరిలో ఉంది. అందులో ఒక్క ఆక్సిజన్ తగ్గితే సీఓ, కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు లోలోపల కాలినప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు. దీపం కూడా దీన్ని చూపదు. అందుకే ఒకప్పుడు పంజరంలో పిట్టలను బాయిలోకి తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు వేరే పరికరాలున్నాయి. పరీక్షలో 2 మరిచిపోతే పోయేది ఒక మార్కు. బాయిలో ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది.

తమ్ముళ్లూ, సంయోజకతల పట్టిక రోజుకు ఐదు చొప్పున రాసి చూడండి. అయాన్లు ఎక్కడున్నాయి, పొత్తు ఎక్కడుంది అని ఒకరినొకరు అడుగుకోండి. సెలవులకు ఇంటికి పోతే బాయి పని చేసినవాళ్ల దగ్గర కూర్చొని గ్యాసు సంగతి అడగండి. వాళ్లు చెప్పింది నోట్సులో రాసుకొని, పక్కన ఫార్ములా మీరు రాయండి. వాళ్లకు అక్షరం రాకపోయినా ఈ పాఠం మనకన్నా ముందే నేర్చుకున్నారు, అదీ ప్రాణాలు పణంగా పెట్టి.